క్రీడాచిత్రములు – ప్రచారము

చలనచిత్రములు రెండు విధములు. మొదటివి కథాచిత్రములు, రెండవవి యథార్థచిత్రములు. ఈ రెండవ తెగవానిని డాక్యుమెంటరీలని పిలుచుచున్నారు. కథాచిత్రములో నాయకుడు పదిమందిని ఒంటిచేత పడగొట్టినను మనము ఆనందింతుమే కాని నమ్మము. అది వేషమనియు, వెనుక దర్శకుడు కలడనియు చిన్నపిల్లలకు కూడ తెలియును. డాక్యుమెంటరీ సంగతి అట్టిది కాదు. అందు కనుపించు మనుష్యులు నిజమైనవారు. పరుగు నిజమైన పరుగు. చెమట నిజమైన చెమట. కావున మనము మన జాగ్రత్తను వాకిటనే విడిచి లోపలికి పోవుదుము. ఈ నమ్మకమునే పెట్టుబడిగా చేసికొని పాలకులు కొందరు తమ పనిని ఎట్లు సాధించుకొనిరో, అట్టి చిత్రములను మనము ఎట్లు చూడవలయునో ఈ వ్యాసములో వివరింపదలచితిమి.

ముందుగా ప్రచారమను మాటను విచారింతము. ప్రచారమనగా అబద్ధము చెప్పుట యని పలువురి అభిప్రాయము. అది పూర్తిగా సరికాదు. పోలియో చుక్కలను గూర్చి ఊరూర చాటుటయు ప్రచారమే. దానివలన ఎందరో బిడ్డల కాళ్లు నిలిచినవి. ఒక అభిప్రాయమును జనుల మనస్సులలో నాటుటకై పూనికతో చేయు ప్రయత్నమునకే ప్రచారమని పేరు. అది ఎవరి మేలు కోరి చేయబడినది, చూపరులకు తెలియవలసిన దానిని దాచినదా లేదా, అను రెండు విషయములను బట్టి దాని మంచిచెడ్డలు తేలును. చతురుడైన ప్రచారకుడు అబద్ధమాడడు. నిజములలో తనకు కావలసినవానిని ఏరి, తనకు నచ్చిన వరుసలో కూర్చి, తక్కినవానిని ప్రక్కకు నెట్టును. పూలన్నియు నిజమైనవే, మాల మాత్రము అతడు కట్టినది.

ఇందుకు ఆటలంత అనువైన వస్తువు వేరొకటి లేదు. ఒక దేశపు కవిత్వము మరియొక దేశమువారికి తెలియవలెనన్నచో అనువాదము కావలెను. నూరు మీటర్ల పరుగునకు అనువాదము అక్కరలేదు. ముందు వచ్చినవాడెవడో చదువురాని ముసలమ్మకును తెలియును. గెలిచినవాని మెడలో పతకము, ఎదుట జెండా, చెవులలో జాతీయగీతము, ఈ మూడును ఒక్క క్షణమున కలియును. అప్పుడు మనిషి గెలుపు దేశపు గెలుపుగను, దేశపు గెలుపు దానిని ఏలువారి గెలుపుగను మారిపోవును. మొదటి మెట్టునుండి మూడవ మెట్టునకు ఎప్పుడు ఎక్కితిమో మనకే తెలియదు.

ఈ విద్యకు పేరు మోసిన ఉదాహరణము జర్మనీదేశమున జరిగినది. 1936వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలను బెర్లిను నగరములో జరుపవలెనని 1931లోనే నిర్ణయమైనది. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. చేతికందిన ఈ అవకాశమును అతని ప్రభుత్వము వదలుకొనలేదు. 1936 ఆగస్టు 1 నుండి 16 వరకు క్రీడలు జరిగినవి. వానిని చిత్రించు పనిని లెని రీఫెన్‌స్టాల్ అను దర్శకురాలికి అప్పగించిరి. చిత్రనిర్మాణమునకు పైకి ఒక ప్రైవేటు కంపెనీ కనుపించినను సొమ్ము గోబెల్సు నడుపు ప్రచార మంత్రిత్వశాఖ నుండి వచ్చెను. ఆ చిత్రము పేరు ‘ఒలింపియా’. అది రెండు భాగములుగా 1938 ఏప్రిల్ 20వ తేదీన, అనగా హిట్లరు పుట్టినరోజున, బెర్లినులో విడుదలయ్యెను. అదే సంవత్సరము వెనిసు చిత్రోత్సవములో అత్యున్నత బహుమతిని పొందెను.

పనితనమున ఆ చిత్రము సామాన్యమైనది కాదు. నలుబదిమందికి పైగా ఛాయాగ్రాహకులు పనిచేసిరి. ఎగురువానిని ఆకాశము నేపథ్యముగా చూపుటకై మైదానములో గోతులు త్రవ్వి, అందు కూర్చుండి క్రిందినుండి చిత్రించిరి. పరుగెత్తువారితో సమానముగా కెమెరాను నడుపుటకు పట్టాలు వేసిరి. ఈతగాండ్ర కొరకు నీటిలో మునుగు కెమెరాను వాడిరి. ఇట్లు తీసిన ఫిలిము సుమారు 4 లక్షల మీటర్లు. దానిని కత్తిరించి కూర్చుటకు ఇంచుమించు రెండేండ్లు పట్టినది. తుదకు తెరపైకి వచ్చినది మూడున్నర గంటలకు కొంచెము మించిన చిత్రము. చిత్రకళలో కత్తెర ఎంతటి పని చేయునో విద్యార్థులు ఇచ్చట గ్రహింపవలెను. తీసిన దానిలో అధికభాగమును తీసివేయుటయే చిత్రమును కూర్చుట. ఏది ఉండవలెను, ఏది పోవలెను అని నిర్ణయించువాడే చిత్రముచేత మాట్లాడించువాడు.

యథార్థమని మనము నమ్ము ఘట్టములన్నియు ఆ క్షణమునందే తీసినవి కావు. వెదురుగడతో ఎగురు పోటీ చీకటి పడువరకు సాగినందున, మరునాడు ఆ క్రీడాకారులచేతనే మరల ఎగిరించి చిత్రించిరి. ఒలింపిక్ జ్యోతిని గ్రీసు దేశమునుండి చేతులు మార్చుచు పరుగుతో తెచ్చు ఆచారము ఆ క్రీడలతోనే పుట్టినది. ఇది ప్రాచీన గ్రీకుల నాటి ఆచారమని పలువురు నేటికిని తలంతురు. మూడువేలమందికి పైగా పరుగెత్తి జ్యోతిని బెర్లినునకు చేర్చిరి. గ్రీసులోని ఘట్టము దర్శకురాలికి రుచింపక, దానిని తన ఇష్టానుసారము వేరుగా తీయించెను. ప్రాచీన గ్రీకుల వైభవము నేరుగా నాటి జర్మనీకి సంక్రమించినదను భావము చూపరుల మనస్సులో కలుగుటకు ఆ దృశ్యములు తోడ్పడినవి. ఆ భావమును ఎవరును మాటలలో చెప్పలేదు. చెప్పినచో ఎదురు చెప్పవచ్చును. చూపినదానికి ఎదురు చెప్పుట కష్టము.

ఈ చిత్రమును సమర్థించువారు ఒక మాట అందురు: “అమెరికా దేశపు నల్లజాతి వీరుడు జెస్సీ ఓవెన్సు నాలుగు స్వర్ణపతకములు గెలుచుటను ఇందు చక్కగా చూపినారు కదా, ఇది ప్రచారమెట్లగును?” ప్రశ్న ఉచితమైనదే. ఓవెన్సును నిజముగనే అందముగా చూపినారు. కాని తెరమీద ఉన్నదానిని మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. 1933 నుండి యూదులను జర్మను క్రీడాసంఘములనుండి వెళ్లగొట్టిరి. గ్రెటెల్ బెర్గ్‌మన్ అను యూదు యువతి ఎత్తు దూకుటలో క్రీడలకు కొలది వారముల ముందు జర్మను జాతీయ రికార్డును అందుకొన్నది. అయినను ఆమెను జట్టునుండి తొలగించిరి. 1936 జూలైలో బెర్లినులోని రోమా కుటుంబములను పట్టి నగరపు అంచున మార్జానను చోట నిర్బంధించిరి. యూదులకు ప్రవేశము లేదను పలకలను విదేశీయుల కంటపడకుండ కొన్నాళ్లు దించివేసిరి. ఆ వేసవిలోనే నగరమునకు సమీపమున సాక్సెన్‌హౌసెన్ నిర్బంధశిబిరపు నిర్మాణము సాగుచుండెను. ఈ సంగతులేవియు చిత్రములో లేవు. అతిథుల పట్ల న్యాయము చూపినట్లుండుటయే ఆ ప్రచారమునకు బలమైనది. ఇంటివారికి జరిగిన అన్యాయమును ఆ న్యాయము కప్పివేసెను.

ఆ క్రీడలలోనే జరిగిన మరియొక సంగతి మనబోటి అల్పసంఖ్యాక భాషలవారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. మారథాను పరుగులో ఆగస్టు 9వ తేదీన మొదటివాడుగా వచ్చిన యువకుడు కొరియావాడు. అతని పేరు సోన్ కీ-చుంగ్. అప్పుడు కొరియా జపాను పాలనలో నుండెను. కావున అతడు జపాను జట్టులో, జపాను జెండా గుర్తుతో, తన పేరునకు జపాను ఉచ్చారణయగు సోన్ కితేయ్ అను పేరుతో పరుగెత్తవలసివచ్చెను. పతకమును అందుకొనునపుడు అతడు తలవంచుకొని నిలిచి, తనకు బహూకరించిన చిన్న ఓకు మొక్కను ఎదకు అడ్డముగా పట్టుకొనెను. చొక్కామీది జెండా గుర్తు దానివెనుకకు పోయెను. ‘ఒలింపియా’ చిత్రములో మారథాను భాగము మిక్కిలి మనోహరమైనది: అలసిన కాళ్లు, నేలమీది నీడ, దారి ప్రక్క చెట్లు. కాని ఆ కాళ్లు ఎవరివో, ఆ తల ఎందుకు వంగినదో చిత్రము చెప్పదు. చూపరులకు అతడు జపాను వీరుడే.

ఆ విషయమును చెప్పినది వేరొకరు. సియోలు నగరములోని ‘డోంగా ఇల్బో’ అను కొరియా భాషాపత్రిక అతని ఛాయాచిత్రములో చొక్కామీది జపాను జెండాను చెరిపివేసి ముద్రించెను. తత్ఫలితముగా పత్రికవారిలో కొందరిని నిర్బంధించిరి. పత్రిక నెలల తరబడి నిలిచిపోయెను. ఇచ్చట ఒక చిక్కు గమనింపుడు. పత్రిక ముద్రించిన ఛాయాచిత్రము దిద్దినది. చిత్రములోని దృశ్యము దిద్దనిది. అయినను ఆ మనిషిని గూర్చిన నిజము దిద్దిన చిత్రములోనే ఎక్కువగా నున్నది. కావున ‘కెమెరాకు చిక్కినది గనుక సత్యము’ అనుకొనుట చాలదని తేలుచున్నది. 1988లో సియోలులో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, డెబ్బదియైదేండ్లు దాటిన సోన్ కీ-చుంగ్ జ్యోతిని చేతబట్టి క్రీడాస్థలమునకు తెచ్చెను. అప్పుడు అతని పేరు అతనిదే.

మన దేశమునందును ప్రభుత్వచిత్రముల చరిత్ర యుద్ధకాలమున మొదలైనది. రెండవ ప్రపంచయుద్ధ సమయమున ఇంగ్లీషు ప్రభుత్వము ‘ఇన్ఫర్మేషన్ ఫిలిమ్స్ ఆఫ్ ఇండియా’ అను సంస్థద్వారా యుద్ధమునకు అనుకూలమైన చిత్రములను తీయించి, సినిమాహాళ్లవారు వానిని విధిగా చూపవలెనని శాసించెను. 1946లో అది మూతపడెను. స్వతంత్ర భారతప్రభుత్వము 1948లో ఫిలిమ్స్ డివిజనును నెలకొల్పెను. విధిగా చూపవలెనను నియమము మరల వచ్చినది. మన తాతల కాలమున పెద్ద చిత్రమునకు ముందు వచ్చిన నలుపు-తెలుపు వార్తాచిత్రములు ఈ సంస్థవే. తొలిదినములలో ఈ చిత్రములకు ఇంగ్లీషు, హిందీ, బంగాళీ, తమిళము, తెలుగు అను ఐదు భాషలలో వ్యాఖ్యానము చేర్చెడివారు. ఆ రీళ్లవలననే ఆనకట్టలను, వరదలను, దూరదేశపు క్రీడలను పల్లెవారు మొదటిసారి కన్నులార చూచిరి. ఇది కాదనరాని మేలు. కాని అన్ని రీళ్లకును మాట ఒక్కచోటనుండి వచ్చుచుండెను. ఎదురుమాట చెప్పు రీలు లేకుండెను.

వ్యాఖ్యానమెంత బలమైనదో ఒక ఉదాహరణముచే చూపుదుము. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. ఆమె వంగి ఇనుపకడ్డీ పట్టుకొని లేచు దృశ్యమును ఊహింపుడు. దానిపై ఒక కంఠము, “ఇదిగో, భారతదేశము తల యెత్తినది” అని పలుకవచ్చును. మరియొక కంఠము, “ప్రభుత్వము చేసిన సహాయమునకు ఫలము” అనవచ్చును. మూడవది, “ఒక పల్లెపడుచు ఇన్నేండ్లు చేసిన సాధన” అనవచ్చును. దృశ్యము ఒక్కటే, బరువు ఒక్కటే. కాని బరువెత్తినవారు మాత్రము మూడు వ్యాఖ్యానములలో మువ్వురైనారు. వ్యాఖ్యాత కంఠము తరచుగా స్టూడియోలో, ఆట ముగిసిన పిదప, వేరుగా చేర్చబడునని గుర్తుంచుకొనవలెను.

క్రీడలను రాజకీయము కమ్ముకొన్నప్పుడు క్రీడాకారుని గతి ఏమగునో హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం అనుభవము తెలుపును. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. భారత ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన జట్టు స్వర్ణపతకము గెలిచినది. 1962లో జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగినవి. ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో వానిని తన కొత్త దేశపు ప్రతిష్ఠకు గుర్తుగా తలచి గొప్ప స్టేడియమును కట్టించెను. కాని ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులను రానీయలేదు. ఇది క్రీడాధర్మము కాదని భారతీయుడైన క్రీడానాయకుడు జి.డి. సోంధీ అభ్యంతరము చెప్పెను. దానితో అచ్చటి జనుల ఆగ్రహము భారతీయులపైకి మరలెను. భారత దౌత్యకార్యాలయముపై దాడి జరిగెను. ఆ మరునాడు, సెప్టెంబరు 4న, హేళనల నడుమ మన జట్టు దక్షిణ కొరియాను 2–1 గోళ్లతో ఓడించి స్వర్ణము గెలిచెను. రహీం మరుసటి సంవత్సరమే కాలధర్మము చెందెను. ఆయన జీవితమును ఆధారముగా చేసికొని 2024లో ‘మైదాన్’ అను హిందీ చిత్రము వచ్చినది. అది కథాచిత్రము, చూచి ఆనందింపుడు, కాని అందలి ప్రతి మాటను చరిత్రయని వ్రాసికొనకుడు.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ప్రభుత్వము సొమ్మిచ్చిన క్రీడాచిత్రములన్నియు ఒక్కటేయని తలచరాదు. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. ఆసియాఖండమున జరిగిన మొదటి ఒలింపిక్కులు అవే. యుద్ధమున బూడిదయైన దేశము మరల లేచినదని లోకమునకు చూపుట జపానువారి కోరిక. అందుకే జ్యోతిని వెలిగించుటకు 1945 ఆగస్టు 6న, హిరోషిమాపై అణుబాంబు పడిన దినముననే, ఆ మండలములో పుట్టిన యోషినోరి సకాయి అను యువకుని ఎన్నుకొనిరి. చిత్రమును తీసిన దర్శకుడు కోన్ ఇచికావా. 1965లో విడుదలైన ఆ చిత్రమును చూచి ఒక మంత్రి పెదవి విరిచెను. జపాను విజయములను వరుసగా లెక్కవేసి చూపుదురని ఆశించినవారికి, ఇచికావా గుండు విసరువాని తడబాటును, పరుగుదారిని సవరించు పనివాండ్రను, ఓడినవారి ముఖములను చూపెను. ఆఫ్రికాలో 1960లో స్వతంత్రమైన చాద్ దేశమునుండి వచ్చి, పతకము లేకనే మరలిన అహమద్ ఇసా అను యువకునికి ఆ చిత్రములో ఒక భాగమునే కేటాయించెను. తనను అడిగిన ప్రచారమును చేయుచునే మనిషిని మరువని దర్శకుడు ఉండవచ్చునని ఆ చిత్రము తెలుపుచున్నది.

ఆ టోక్యో క్రీడలలో మన కోలారులో పుట్టిన ఒక పరుగువీరుడు కూడ పాల్గొనెను. ఆయన కెన్నెత్ పావెల్. 4×100 మీటర్ల రిలేలో ఆయనతో కూడిన భారతజట్టు సెమీఫైనలు వరకు చేరినది. 1965లో ఆయనకు అర్జున పురస్కారము లభించెను. 2022లో ఆయన మృతి చెందెను. ఆ క్రీడల పతకముల పట్టికలో ఆయన పేరుండదు. గెలుపును మాత్రమే ఏరుకొను చిత్రములవలన మనకు కలుగు నష్టమిదియే. దేశమునకు ప్రచారమునకు పనికిరాని మనిషి, ఎంత దూరము పరుగెత్తినను, కత్తెర క్రింద రాలిపోవును. కోలారువారము మనమైనను ఆయనను తలచుకొననిచో ఇక తలచువారెవరు?

క్రీడల వెనుక పనిచేసిన చేతులును అట్లే కనుమరుగగును. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన సంవత్సరముననే, మన దేశమున రంగుల టెలివిజను ప్రసారములు మొదలైనవి. జనులు స్టేడియముల శోభను రంగులలో చూచి మురిసిరి. ఆ కట్టడములను లేపిన కూలీలకు చట్టము నిర్ణయించిన కనీసవేతనము కూడ ముట్టలేదని ఒక పౌరహక్కుల సంఘము సుప్రీముకోర్టునకు ఉత్తరము వ్రాసెను. కోర్టు దానినే అర్జీగా స్వీకరించి, కనీసవేతనమునకు తక్కువ యిచ్చి పనిచేయించుట వెట్టిచాకిరియే యని 1982 సెప్టెంబరులో తీర్పు చెప్పెను. రంగుల తెరమీద కానరాని కూలీలు కోర్టు తీర్పులో కనుపించుచున్నారు. క్రీడోత్సవ చరిత్ర తెలియగోరువారు ఈ రెంటిని కలిపి చదువవలెను.

కాలము మారినకొలది సాధనములు మరింత నేర్పును గడించినవి. 2008లో బీజింగు ఒలింపిక్ ప్రారంభోత్సవమున ఆకాశములో బాణసంచా అడుగుజాడలు నడచి వచ్చినట్లు టెలివిజనులో చూపిరి. వానిలో అధికభాగము ముందుగా కంప్యూటరుపై తయారుచేసినదని తరువాత తెలిసినది. పాడినట్లు కనుపించిన బాలిక ఒకతె, కంఠము మరియొక బాలికది. నేడు ప్రతి ఇంటను చేతిఫోనులో ఇట్టి దృశ్యములు గడియగడియకు వచ్చుచున్నవి. సంగీతము జోడించి, జెండా చేర్చి, అరనిమిషములో కన్నీరు తెప్పించు ఖండికలను పిల్లలు లెక్కకు మించి చూచుచున్నారు. బెర్లినులో రెండేండ్లు పట్టిన పని నేడు ఒక పూటలో ముగియుచున్నది.

అయినచో మన దేశము గెలిచినప్పుడు సంతోషింపరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. తప్పక సంతోషింపవలెను. స్వదేశాభిమానము గల మనస్సునకు ఆ ఉప్పొంగు సహజము. ఆ సంతోషమును ఎవరి ఖాతాలో వ్రాయవలెనో మనము నిర్ణయించుకొనవలెను, తెరవెనుకవాడు కాదు. క్రీడాకారుని శ్రమ ముందు క్రీడాకారునిది. తరువాత అతనికి అన్నము పెట్టిన తల్లిది, నేర్పిన గురువుది, తోడి ఆటగాండ్రది. పిదపనే తక్కినవారిది.

కావున ఇకమీదట ఏ క్రీడాచిత్రమును చూచినను ఐదు ప్రశ్నలు వేసికొనుడని మేము విద్యార్థులకు చెప్పుచున్నాము. ఒకటి: దీనికి సొమ్మిచ్చినవారెవరు? రెండు: వ్యాఖ్యానమును, సంగీతమును ఆపి చూచినచో ఈ దృశ్యము ఏమి చెప్పును? మూడు: ఇందు ఎవరి ముఖము కనుపించలేదు? నాలుగు: ఆటగాడు తన మాటను తన భాషలో చెప్పుకొనెనా, లేక అతని తరపున వేరొకరు చెప్పిరా? ఐదు: ఈ గెలుపును ఎవరి గెలుపుగా నన్ను నమ్మింప చూచుచున్నారు? తల్లిదండ్రులు కూడ పిల్లలతో కలిసి చూచుచు ఈ ప్రశ్నలు వేయవచ్చును. ఇందుకు పెద్ద చదువులు అక్కరలేదు. సంతలో మామిడిపండ్ల బుట్ట కొనునప్పుడు పైవరుసను చూచి మోసపోక, అడుగున చేయి పెట్టి చూచు అలవాటు మన శ్రీనివాసపురం సీమవారికి ఉండనే యున్నది.

ఒక చిన్న సాధనను కూడ సూచించుచున్నాము. మన బడి క్రీడోత్సవమున ఒక పరుగుపందెమును ఫోనులో చిత్రించి, శబ్దము తీసివేసి, దానికి మూడు వ్యాఖ్యానములు వ్రాయుడు. మొదటిది గెలిచినవానిని గూర్చి, రెండవది చివర వచ్చినవానిని గూర్చి, మూడవది తెల్లవారుజామున సున్నముతో గీతలు గీసినవారిని గూర్చి. ఒకదానిని తెలుగులో, ఒకదానిని కన్నడములో చదువుడు. ఒకే పరుగు మూడు కథలైనట్లు మీ చెవులకే తెలియును. రెండు భాషలు వినుచు పెరిగిన పిల్లలకు ఇది సులభము. ఒకే వస్తువును రెండు పేర్లతో పిలుచుట మనకు పసినాటినుండి అలవాటు. కనుక పేరు వేరు, వస్తువు వేరు అను సత్యము ఇతరులకన్న మనకు ముందుగా తెలియవలసియున్నది. ఇంటి భాష బడిలో అల్పసంఖ్యాకమగుట మనకు లోపము కాదు. సోన్ కీ-చుంగ్ పేరును చెరపనీయని పత్రిక వంటి చూపు మనకును అలవడినచో, తెరమీద వెలుగెంత మిరుమిట్లు గొలిపినను పరుగెత్తిన మనిషి మన కంటికి మరుగుపడడు.